బోయినపల్లి కూరగాయలకు డిజిటల్ ట్విన్ చేయబోతున్న బిడ్డకు

బిడ్డా,

హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్ నుంచి ఊళ్లోని దుకాణాలకు కూరగాయలు చేరే దారి మొత్తానికి డిజిటల్ ట్విన్, అంటే అసలు పనిని అచ్చం అలాగే చూపే కంప్యూటర్ నమూనా, తయారుచేసే పని నీకు వచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ముప్ఫై ఏళ్లు సరుకు రవాణాలో ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

ముందు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, వారం రోజులు తెల్లవారుజామునే మార్కెట్‌కు వెళ్లు. చేవెళ్ల నుంచి వచ్చే డీసీఎంలో డ్రైవర్ పక్కన కూర్చో. గేటు దగ్గర, కాంటా దగ్గర, హమాలీల కోసం బండి ఎంతసేపు ఆగిందో రాసుకో. మేము చేసిన తప్పు అక్కడే. ఒక సంస్థ కోసం చేసిన నమూనాలో బండి పరుగు లెక్కపెట్టాం, ఆగడం వదిలేశాం. పగలు పెద్ద బండ్లను ఊళ్లోకి రానివ్వని వేళలు ఉంటాయి కదా. కాంటా దగ్గర కాస్త ఆలస్యమయ్యేసరికి ఆ వేళ మీద పడింది, బండి ఎండలో నిలబడిపోయింది. మే నెల, టమాటా లోడు. సగానికి పైగా పారబోశాం. ఆ రైతు ముఖం నాకింకా గుర్తుంది.

ఇంకో మాట. బండ్లు కదులుతున్నట్టు స్క్రీన్ మీద చూపిస్తే అది ట్విన్ అయిపోదు. రోడ్డు మీద జరిగింది వెంటనే దానికి తెలియాలి, అది చెప్పింది డ్రైవర్ ఫోన్‌కు చేరాలి. 1970లో అపోలో 13 అంతరిక్ష నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు, నేల మీది సిమ్యులేటర్లను, అంటే నౌకను పోలిన శిక్షణ యంత్రాలను, పైనున్న నౌక స్థితికి మార్చి, అందులో చేసి చూశాకే వ్యోమగాములకు చెప్పారు. డిజిటల్ ట్విన్ అన్న పేరు అప్పటికి పుట్టలేదు, పని మాత్రం అదే.

డీజిల్ తగ్గించాలంటే తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోయే బండ్లను ముందు పట్టుకో. ఖాళీ ట్రేలు, ఊరికి పోయే కిరాణా సరుకు వాటిలో వేయొచ్చేమో చూడు.

నీ లెక్క సరైందో కాదో తేల్చడానికి మార్కెట్‌లోనే ఒక దారి ఉంది. అక్కడ కూరగాయల వ్యర్థాలతో కరెంటు తయారుచేసే ప్లాంటు ఉంది. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం, దాని నుంచి 500 యూనిట్ల కరెంటు అని 2021లో చెప్పారు. నీ ట్విన్ నడిచాక ఆ బరువు ఏమాత్రం తగ్గకపోతే, ఎక్కడో పొరపాటుందని అనుమానించు.

డ్రైవర్లకు మాత్రం ముందే చెప్పి, ఒప్పించి జీపీఎస్ పెట్టు. ఆలస్యమైందని జరిమానా వేయడానికి ఆ డేటాను ఎవరికీ ఇవ్వకు. ఇచ్చావో, మర్నాటి నుంచి ఫోన్లు స్విచ్ ఆఫ్ అవుతాయి.

ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగామో రాసిన నా పాత నోటు పుస్తకాలు అల్మారాలో ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

నీ పెదనాన్న