ఫొటో ఒక్కటే చూసి చర్మవ్యాధి ఏదో చెప్పవచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వ్యవసాయం చేసే మీ నాన్నగారికి రెండేళ్ళుగా ముఖం, మెడ, మోచేతి మడతల్లో విపరీతమైన దురద. చర్మం నల్లబడి మందంగా తయారైంది. ఫొటోలు పంపితే ఒక డాక్టరు సోరియాసిస్ అన్నారు, ఇంకొకరు ఎండ అలర్జీ అన్నారు. ఫొటో చూసి జబ్బు తేల్చవచ్చా, నేరుగా వెళితే అన్నన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తారు అని అడిగారు.

నేను చర్మవ్యాధుల డాక్టర్ని. చాలా ఏళ్ళు రైతులూ కూలీలూ ఎక్కువగా వచ్చే ఓపీలో పనిచేశాను. ఫొటోలోనే దాదాపు తెలిసిపోయే జబ్బులు ఉన్నాయి. సర్పి అలాంటిదే. ఒంటికి ఒక పక్కనే పట్టీలాగా నీటి పొక్కులు వచ్చి, నడిమి గీత దగ్గర ఆగిపోతాయి. కానీ మీ నాన్నగారికి ఉన్నట్టు దురదపెట్టి, గోకి గోకి మందమైన చర్మం ఏ కారణంతో వచ్చినా కొన్నాళ్ళకు ఒకేలా కనిపిస్తుంది. అక్కడ కారణం దొరికేది మనిషి చెప్పే మాటల్లోనే.

ఇలాంటి రైతు వస్తే నేను ముందు చూసేవి మూడు చోట్లు: పై కనురెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద. వీటి మీద ఎండ పెద్దగా పడదు. ఎండ వల్ల వచ్చే జబ్బయితే సాధారణంగా ఆ మూడు చోట్లూ బాగానే ఉంటాయి. గాలిలో ఎగిరే దుమ్ము మాత్రం రెప్పల మీదా చేరుతుంది, మెడ ముడతల్లో, మోచేతి మడతల్లో చెమటతో అంటుకుపోతుంది. సోరియాసిస్ అయితే మోచేతి మడతలో కంటే మోచేతి వెనక వైపు, మోకాళ్ళ మీద, తలలో, నడుము కింది భాగంలో వెండి రంగు పొలుసులతో కనిపిస్తుంది. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు ఉండొచ్చు. మీరు పంపిన ఫొటోల్లో గోళ్ళు, తల, చెవుల వెనక భాగం ఉన్నాయా? సాధారణంగా ఎవరూ అవి తీయరు.

తర్వాత నేను అడిగేది: "ఊరు విడిచి కొన్నాళ్ళు ఉంటే తగ్గుతోందా?" హైదరాబాద్‌లో కూతురి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉందని, బస్సు దిగి పొలానికి వెళ్ళగానే మళ్ళీ మొదలైందని చెప్పిన రైతులు నాకు చాలామంది తారసపడ్డారు. ఆ మాట వింటే నాకు వెంటనే వయ్యారిభామ గుర్తొస్తుంది. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950ల్లో పుణేలో కనిపించిన ఈ మొక్క ఇప్పుడు మన గట్ల మీదా, బీళ్ళలోనూ ఎక్కడ చూసినా ఉంది. దీనిలోని పార్థెనిన్ లాంటి పదార్థాలు ఎండిన ఆకుల పొడితో, దుమ్ముతో గాలిలో కలిసి ఒంటికి తగిలి, పడనివాళ్ళకు అలర్జీ తెస్తాయి. మొక్కను చేత్తో పట్టుకోనక్కరలేదు. వానలు పడి అది ఏపుగా పెరిగి పూసే కాలంలో దురద పెరుగుతుందా అన్నది కూడా అందుకే అడుగుతాం. ఏళ్ళ తరబడి ఉంటే కొందరికి ఎండ కూడా ఒంటికి సరిపడకుండా పోతుంది. కాబట్టి ఎండ అలర్జీ అన్న డాక్టరుగారిది పూర్తిగా పొరపాటు కాకపోవచ్చు.

మీ నాన్నగారికి ఇదేనని నేను తేల్చి చెప్పడం లేదు. మందులు కొట్టే పని, సిమెంటు పని, తలకు వేసే రంగు, అన్నీ అడిగి తెలుసుకోవాలి. నుదుట బొట్టు బిళ్ళ పెట్టే చోట తెల్లబడిన ఆడవాళ్ళకు బిళ్ళ జిగురు వల్ల కావచ్చు. ఉల్లి, వెల్లుల్లి తరిగేవాళ్ళకు వేళ్ళ కొసలు పగులుతాయి. పెదవి మీద ఒకే చోట పదే పదే నల్లమచ్చ లేస్తే, అంతకు ముందు ఏ మాత్ర వేసుకున్నారని అడుగుతాను. విరేచనాలకు వేసుకున్న మాత్ర అనో, ఒళ్ళునొప్పుల మాత్ర అనో చాలాసార్లు జవాబు వస్తుంది. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందంటే గజ్జి కోసం వేళ్ళ సందులు వెతుకుతాను.

ముట్టుకుంటేనే తెలిసేవీ ఉన్నాయి. పాలిపోయిన మచ్చ శోభి కావచ్చు, పిల్లల బుగ్గల మీద వచ్చే మామూలు తెల్లమచ్చ కావచ్చు, కుష్టు కావచ్చు. కళ్ళు మూయించి దూదిపోచతో తాకితే తెలియడం లేదని రోగి చెప్పే ఆ ఒక్క క్షణం ఎంతో విలువైనది. కుష్టును తొలిదశలోనే పట్టుకుంటే చేతివేళ్ళు వంకరపోకుండా కాపాడవచ్చు, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఎంత మంచి కెమెరా అయినా స్పర్శ ఉందో లేదో చెప్పదు. పైగా మన చామనచాయ ఒంటి మీద ఎరుపు ఎర్రగా కనపడదు, ముదురు గోధుమ రంగులోనో ఊదాగానో ఉంటుంది. ఫోను చర్మాన్ని నున్నగా చేసి చూపిస్తే పొలుసులు కూడా మాయమవుతాయి.

నాకు బాగా బాధ కలిగించేది మెడికల్ షాపు ట్యూబు. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే తామర అంచు చెరిగిపోతుంది, దురద తగ్గినట్టు ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా, ఇప్పటికీ అడిగితే ఇచ్చేస్తున్నారు. నాన్నగారు ఏం రాశారో దాచకుండా చెప్పమనండి, ఖాళీ ట్యూబులు, మాత్రల అట్టలు, పాత చీటీలు సంచిలో వేసుకుని వెళ్ళండి.

దగ్గర్లో మెడికల్ కాలేజీ ఉంటే అక్కడి డీవీఎల్ (చర్మ, సుఖవ్యాధులు, కుష్టు) విభాగంలో ప్యాచ్ టెస్ట్ చేస్తారేమో కనుక్కోండి. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి రెండు రోజులకు తీసి చూస్తారు, మళ్ళీ నాలుగో రోజు చూస్తారు. కాబట్టి ఒక్కపూటలో అయ్యే పని కాదు, నాట్ల హడావిడి లేని వారం చూసుకోండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు. ఈలోపు నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాలు, పొలం నుంచి రాగానే స్నానం, బట్టలు మార్చుకోవడం చేయించండి. గట్టు మీది వయ్యారిభామను పూతకు రాకముందే వేరేవాళ్ళతో, చేతి తొడుగులు వేసుకుని పీకించండి, ఆయన ఆ పక్కకు వెళ్ళకూడదు. ఒళ్ళంతా కందిపోయి పొట్టు రాలినా, జ్వరం వచ్చినా, నోట్లో పుళ్ళు లేచినా మాత్రం ఫొటోలు పంపుతూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.