తిలాపాపం తలా పిడికెడు: విమాన ప్రమాదాలపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో విమాన ప్రమాదాల గురించినవే ఎక్కువ. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాం, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఏ విమానం కూలినా తెల్లారేసరికి టీవీలో 'పైలట్ తప్పిదం' అని వేసేస్తారు. పోయినవాడు తిరిగొచ్చి వాదించలేడు కదా అనే ధైర్యమా? (డిగ్రీ లెక్చరర్, తెనాలి)

జవాబు: కొంత ఆ ధైర్యమే సార్. అలాగని పైలట్ తప్పు ఉండదా అంటే చాలాసార్లు ఉంటుంది. కానీ ఆ ఒక్క మాట రాసి ఫైలు మూసేస్తే, అదే తప్పు రేపు ఇంకో పైలట్ చేత చేయించే పరిస్థితులన్నీ ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

చర్ఖీ దాద్రీ సంగతే చూడండి. 1996 నవంబర్ 12 సాయంత్రం, హర్యానాలోని ఆ ఊరి మీద ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకున్నాయి. ఒకటి ఢిల్లీలో అప్పుడే లేచిన సౌదీ బోయింగ్ 747, పని కోసం సౌదీ వెళ్తున్న మన దేశంవాళ్లే అందులో ఎక్కువ. రెండోది చిమ్‌కెంట్ నుంచి ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్-76. మొత్తం 349 మంది పోయారు, ఒక్కరూ మిగల్లేదు. కంట్రోలర్ వచ్చేవాణ్ని 15,000 అడుగుల దగ్గర ఆగమన్నాడు, పోయేవాణ్ని 14,000 దగ్గర ఆగమన్నాడు, ఎదురుగా 747 వస్తోందని కూడా చెప్పాడు. కజక్ విమానం 15,000 దాటి ఇంకా కిందికి దిగిపోయింది. విచారణ జరిపిన జస్టిస్ లహోటీ కూడా బాధ్యత ఆ సిబ్బందిదే అన్నారు. టీవీ వాళ్లకి అంతే చాలు.

కానీ ఆ కాక్‌పిట్‌లో ఎవరు ఏం చేస్తున్నారో చూడండి. ఇంగ్లీషులో కంట్రోలర్‌తో మాట్లాడే పని రేడియో ఆపరేటర్‌ది. ఎత్తు చూపించే మీటర్ ఆయన ముందు లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగి చూసుకోవాలి. ఆదేశం వినేవాడు ఒకడు, విమానం నడిపేవాడు మరొకడు అన్నమాట. పైగా వాళ్లకి సొంత దేశంలో ఎత్తు మీటర్లలో అలవాటు, ఇక్కడేమో అడుగులు. చివరి క్షణాల్లో 15,000 దగ్గరే ఉండాలని హెచ్చరించింది ఆ ఆపరేటరే. వెంటనే పైలట్ ఇంజిన్ల జోరు పెంచి పైకి లేపాడు. అప్పటికే 747 కంటే కాస్త కిందికి వచ్చేసిన విమానం అలా లేవడంతో దాని తోక వెళ్లి 747 ఎడమ రెక్కని కోసేసింది.

ఇక ఢిల్లీ వైపు చూస్తే, వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకటే దారి, మిగతా ఆకాశం చాలావరకు వైమానిక దళం చేతిలో ఉండేది. ఏ విమానం ఎంత ఎత్తులో ఉందో తెరమీద చూపే సెకండరీ రాడార్ ఇంకా పనిలోకి రాలేదు. కంట్రోలర్‌కి కనబడేవి చుక్కలు, ఎత్తు మాత్రం పైలట్ ఎంత చెబితే అంత. ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే టీకాస్ పరికరం మన దగ్గర అప్పటికి తప్పనిసరి కాదు. ఇవన్నీ మారింది ఆ 349 మంది పోయాకే. తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే, కాకపోతే మన హెడ్‌లైన్లలో పిడికెళ్లన్నీ ఒకడి ఒళ్లోనే పోస్తాం.

ప్రశ్న: పక్కన కో-పైలట్ ఉంటాడు కదా, పెద్దాయన తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకుంటాడా? (ఇంజినీరింగ్ విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: చాలాసార్లు ఊరుకున్నాడమ్మా. కొన్నిసార్లు చెప్పాడు, కానీ గట్టిగా చెప్పలేదు. ఇంకొన్నిసార్లు గట్టిగానే చెప్పాడు, వినేవాడు లేడు.

1977 మార్చి 27, కానరీ దీవుల్లోని టెనెరీఫ్. పక్క దీవి ఎయిర్‌పోర్టులో బాంబు పేలడంతో పెద్ద విమానాలన్నింటినీ ఈ చిన్న ఎయిర్‌పోర్టుకి మళ్లించారు, ఇరుకైపోయింది, పొగమంచు దిగింది. డచ్ వాళ్ల కేఎల్ఎం 747 రన్‌వే చివర టేకాఫ్‌కి సిద్ధంగా నిలబడింది, అమెరికా వాళ్ల పాన్ యామ్ 747 అదే రన్‌వే మీద ఇంకా నడుస్తోంది. కేఎల్ఎం కెప్టెన్ మామూలోడు కాదు, కంపెనీ ప్రకటనల్లో ఆయన ఫొటోనే ఉండేది, మిగతా పైలట్లకి 747 నేర్పించే పెద్ద ఆయన. డ్యూటీ గంటలు దాటిపోతాయన్న టెన్షన్ కూడా ఉంది. అనుమతి రాకుండానే బండి కదిలించేశాడు. కో-పైలట్ 'మేం ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం' అని అర్థమయ్యీ కానట్టు రేడియోలో అన్నాడు. టవర్ 'ఓకే' అని, కాస్త ఆగి 'టేకాఫ్‌కి సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను' అంది. సరిగ్గా అదే క్షణంలో పాన్ యామ్ వాళ్లు 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అని అరిచారు. రెండు మాటలూ ఒకేసారి రావడంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఆ 'ఓకే' తర్వాత కీచుమనే శబ్దమే ఎక్కువగా వినబడింది.

అప్పుడు కూడా వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది, 'ఆ పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదా?' అని అడిగాడు. కెప్టెన్ 'తప్పుకుందిలే' అన్నాడు. అంతే, అంతటి మనిషి అన్నాక ఇక ఎవరూ నోరెత్తలేదు. 583 మంది చనిపోయారు, పాన్ యామ్‌లో 61 మంది మాత్రం బయటపడ్డారు. ఇప్పటికీ విమానయానంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. ఆ తర్వాతే 'టేకాఫ్' అనే మాటని అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునేటప్పుడు తప్ప రేడియోలో వాడొద్దన్నారు, కింది వాళ్లు పైవాణ్ని ప్రశ్నించడాన్ని ట్రైనింగులో పాఠంగా పెట్టారు.

అవన్నీ విదేశాల కథలు అనుకోకండి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు, గురక కూడా రికార్డయింది. దిగే ముందు లేచాడు, ఆ మత్తు వదల్లేదు, విమానం ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో ఉంది. కో-పైలట్ మూడుసార్లు 'గో అరౌండ్' అన్నాడు, అంటే దిగొద్దు, ఇంకో చుట్టు తిరిగొద్దాం అని. కెప్టెన్ దించాడు. 8,000 అడుగుల రన్‌వేలో 5,000 అడుగులు దాటాక చక్రాలు తగిలాయి. అది కొండ కొట్టి చదును చేసిన రన్‌వే, చివర లోయ. 158 మంది పోయారు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచే మన ఇళ్లలో పుట్టిన పిల్లలు కాక్‌పిట్‌లో కూర్చుంటే ఆ మర్యాద కూడా లోపలికి వస్తుంది, అందుకే మనకి ఈ ట్రైనింగ్ ఇంకొంచెం ఎక్కువ కావాలని నా అభిప్రాయం. 'సార్, నేను తీసుకుంటున్నా' అని కంట్రోల్ లాక్కునే హక్కు కో-పైలట్‌కి కాగితం మీద ఉంటే సరిపోదు.

ప్రశ్న: మీటర్ చెడిపోతే కిటికీలోంచి చూసి నడపొచ్చు కదా? మేం స్పీడోమీటర్ లేకుండానే విజయవాడ వెళ్లొస్తాం. (లారీ యజమాని, సూర్యాపేట)

జవాబు: మీకు కింద రోడ్డు ఉంది అన్నా. 1978 జనవరి 1 రాత్రి, బొంబాయి నుంచి దుబాయ్‌కి 'ఎంపరర్ అశోక' అనే ఎయిర్ ఇండియా 747 లేచింది. ఎదురుగా చీకటి సముద్రం, ఏది నీళ్లో ఏది ఆకాశమో తెలియదు. విమానం ఎటు ఒరిగిందో చూపించే మీటర్ కెప్టెన్ వైపు పాడైంది, కుడికి ఒరిగినట్టు చూపిస్తూ ఉండిపోయింది. సరిచేద్దామని ఆయన ఎడమకి తిప్పాడు, ఇంకా తిప్పాడు. 'దాన్ని నమ్మకండి' అని ఫ్లైట్ ఇంజినీర్ అంటూనే ఉన్నాడు. లేచిన 101 సెకన్లకి బాంద్రా దగ్గర సముద్రంలో పడింది, 213 మంది. బయట ఏమీ కనబడనప్పుడు మన చెవిలోపల బ్యాలెన్స్ చూసుకునే భాగం మోసం చేస్తుంది, తిరగబడుతున్నా తిన్నగా కూర్చున్నట్టే ఉంటుంది. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణించిన ఎంఐ-17 హెలికాప్టర్ కూడా ఉన్నట్టుండి లోయలో కమ్ముకున్న మబ్బులో చిక్కి కొండని తాకింది. ఏ భాగమూ చెడలేదని, పైలట్‌కి దిక్కు తెలియకపోవడమే కారణమని విచారణలో తేలింది. అందులో మన చిత్తూరు జిల్లా జవాను కూడా ఉన్నాడు.

ప్రశ్న: విమానం కిటికీల మూలలు గుండ్రంగా ఎందుకుంటాయి? (ఎనిమిదో తరగతి, గజపతినగరం)

జవాబు: మంచి ప్రశ్న బాబూ. ప్రయాణికులని మోసిన మొదటి జెట్ విమానం బ్రిటన్ వాళ్ల కామెట్, 1952లో మొదలైంది. 1954లో మూడు నెలల తేడాతో రెండు కామెట్లు ఇటలీ దగ్గర సముద్రం మీద గాల్లోనే విడిపోయాయి. ఎందుకో అంతు చిక్కలేదు. చివరికి బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల నీటి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వేల ప్రయాణాలు చేసినట్టు పరీక్షించారు. ఎగిరిన ప్రతిసారీ విమానం లోపలి గాలి ఒత్తిడికి గోడలు బెలూన్‌లా కొంచెం ఉబ్బుతాయి, దిగాక మామూలవుతాయి. అంతకుముందు నిజంగా ఎగిరినవీ, తొట్టిలో చేసినవీ కలిపి 3,057 సార్లకి ఆ గోడ చీలింది. కిటికీల్లాంటి కోతలకి మూలల దగ్గర, రివెట్ రంధ్రాల దగ్గర ఒత్తిడంతా పోగుపడి సన్నటి పగులు మొదలవుతోందని తెలిసింది. అక్కడ పైలట్ చేయగలిగిందేమీ లేదు. గుండ్రటి మూలల దగ్గర ఒత్తిడి ఒక్కచోట పోగుపడదు.

ప్రశ్న: మా అబ్బాయి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణలో ఉన్నాడు. యుద్ధ విమానాల వార్త వస్తే గుండె ఆగినంత పనవుతుంది. మిగ్-21ని ఎగిరే శవపేటిక అనేవారు, అంత చెడ్డదా? (గృహిణి, నిజామాబాద్)

జవాబు: అమ్మా, ముందు ఒక మాట: మిగ్-21ని 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సాగనంపేశారు, మీవాడికి దానితో పనిలేదు. ఇక అది చెడ్డదా అంటే, 1963లో వచ్చినప్పుడు గొప్పదే. దిగేటప్పుడే గంటకి 300 కిలోమీటర్లు దాటిన వేగం, ఒకటే ఇంజిన్, అది ఆగితే చేతిలో ఉండేది కొద్ది సెకన్లు. అసలు అన్యాయం ఇంకోచోట జరిగింది. నెమ్మదిగా పోయే కిరణ్ అనే శిక్షణ విమానం మీద నేర్చుకున్న కుర్రాళ్లని నేరుగా మిగ్-21 ఎక్కించేవాళ్లం. మధ్యలో ఒక అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని వైమానిక దళ ప్రమాదాలపై వేసిన లా ఫాంటేన్ కమిటీ 1982లోనే చెప్పింది. అలాంటి ట్రైనర్, హాక్ విమానం, వచ్చింది 2008లో. అంటే 26 ఏళ్లు! ఆ మధ్యలో కుర్రాళ్లు కూలినప్పుడల్లా రిపోర్టుల్లో 'మానవ తప్పిదం' అని రాస్తుంటే ఏ మానవుడిది అని అడగాలనిపించదూ?

దుండిగల్‌లోనూ ఇలాంటిదే నడిచింది. మొదటి పాఠాలకి వాడే హెచ్‌పీటీ-32లో ఇంజిన్ గాల్లో ఆగిపోయే జబ్బు ఉండేది, 17 ప్రమాదాల్లో 19 మంది పోయాక, 2009 జూలైలో మెదక్ జిల్లాలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాకే దాన్ని పక్కన పెట్టారు. 2013 నుంచి స్విట్జర్లాండ్ పిలాటస్ వాడుతున్నారు, ప్రమాదంలో పైలట్‌ని సీటుతో సహా బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటు దానికి ఉంది, ఎంతో మెరుగు. ప్రమాదాలే ఉండవని చెబితే అబద్ధమవుతుంది, 2023 డిసెంబర్‌లో తూప్రాన్ దగ్గర పిలాటస్ కూడా ఒకటి కూలి ఇద్దరు పోయారు. కానీ పాతికేళ్ల కిందటి పిల్లలకంటే మీవాడి చేతికి మంచి బండే ఇచ్చారు.

ప్రశ్న: వైఎస్ రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ మా నల్లమల్లోనే కూలింది. ఇప్పటికీ ఇక్కడ రకరకాలుగా చెప్పుకుంటారు. అసలు నివేదికలో ఏముంది? (రైతు, ఆత్మకూరు)

జవాబు: 2009 సెప్టెంబర్ 2 ఉదయం బేగంపేటలో లేచిన బెల్-430 అది, చిత్తూరు జిల్లాకి వెళ్తోంది. దారిలో మబ్బులు దట్టంగా ఉన్నాయి. ఈ ప్రమాదంపై విచారణ జరిపిన త్యాగి కమిటీ నివేదిక ప్రకారం ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ విషయంలో ఒక హెచ్చరిక వచ్చింది. దానికేం చేయాలో పుస్తకంలో వెతుక్కుంటూ పైలట్లిద్దరూ ఆరు నిమిషాలకి పైగా అందులోనే ఉండిపోయారు. ఈలోగా హెలికాప్టర్ బలంగా కిందికి తోసే గాలిలోకి వెళ్లి అదుపు తప్పింది. ఆయిల్ సమస్యే కూల్చలేదు, దాని మీద పెట్టిన ధ్యాస వాతావరణం మీద నుంచి చూపు మళ్లించింది.

నాకు ఇది చదివినప్పుడల్లా 1972 డిసెంబర్‌లో అమెరికాలో మయామీ దగ్గర పడిన ఈస్టర్న్ 401 గుర్తొస్తుంది. ముందు చక్రం లాక్ అయిందని చూపించే చిన్న బల్బు మాడిపోతే కాక్‌పిట్‌లో అందరూ బల్బు చుట్టూ చేరారు, ఆటోపైలట్ ఎత్తు వదిలేసిందని ఒక్కరూ చూడలేదు, విమానం మెల్లగా దిగుతూ చిత్తడి నేలలోకి వెళ్లిపోయింది. ఏ ఇబ్బంది వచ్చినా ఒకరు దాని సంగతి చూడాలి, ఒకరు విమానం నడపాలి అన్న నియమం అందుకే. నల్లమల విషయంలో నాకు తోచేది ఇంకొకటి ఉంది. ముఖ్యమంత్రి కార్యక్రమం అవతల ఎదురుచూస్తుంటే, వెనక్కి తిప్పేద్దాం అనడం ఏ పైలట్‌కైనా తేలిక కాదు. ఇది నివేదికలోది కాదు, నా అభిప్రాయమే.

ప్రశ్న: 2016లో చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ మాయమైన వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-32లో మా విశాఖ వాళ్లు ఎనిమిది మంది ఉన్నారు. బ్లాక్ బాక్స్ సిగ్నల్ ఇవ్వదా? (రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: పేరుకే నల్లది, రంగు నారింజ. దాని పని రికార్డు చేయడం. నీటిలో పడ్డప్పుడు పిలిచే బీకన్ వేరు, అది ఉన్నా మామూలుగా 30 రోజులు పలుకుతుంది, ఇప్పుడు 90 రోజులవి వస్తున్నాయి. రేడియో సిగ్నల్ ఇచ్చే పరికరం లోతు నీళ్లలో పనిచేయదు. చివరికి 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) వాళ్ల మనిషి లేకుండా తిరిగే జలాంతర వాహనం తీసిన ఫొటోల్లో శకలాలు కనబడ్డాయి. ఆ 29 మంది చివరి క్షణాల్లో ఏం జరిగిందో చెప్పాలంటే రికార్డర్లు పైకి రావాలి, ఫొటోలు సరిపోవు.

ప్రశ్న: ఏ సీటు సేఫ్? మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్తున్నాం. (దంపతులు, ఏలూరు)

జవాబు: సీటు గురించి ఆలోచించకండి. ఒక్కో ప్రమాదంలో ఒక్కోచోట వాళ్లు బతికారు. కూర్చోగానే దగ్గరి ఎమర్జెన్సీ డోర్‌కి ఎన్ని వరసలో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు కనబడవు, చేత్తో తడుముకుంటూ పోవాలి. బెల్టు పడుకున్నా తీయకండి. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని గుద్ది నిలువునా తగలబడింది. చిన్న విమానంలో ఐదుగురు పోయారు, పెద్దదానిలోని 379 మందీ బయటపడ్డారు, ఎందుకంటే సిబ్బంది చెప్పినట్టు విని సామాను వదిలేసి దిగారు. మీరు ఎంత ప్రేమగా కట్టుకున్నా సరే, ఆవకాయ జాడీ కోసం పైన అర తెరవద్దు.