రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మా ఊరి సిపాయి వివరాలు ఎలా తెలుసుకోవాలి?

ముందు ఆ ఇంటివాళ్లను మెడల్ ఉందేమో అడగండి. ఉంటే దాని అంచు చుట్టూ భూతద్దంతో చూడండి, సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉండొచ్చు. నంబరు దొరికితే సగం పని అయినట్టే.

తర్వాత కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులు, రికార్డులు చూసుకునే సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. రెజిమెంటు, చనిపోయిన తేదీ ఉంటాయి. చాలామందికి తల్లిదండ్రుల పేర్లు, ఊరు కూడా రాసి ఉంటాయి. మనవాళ్ల పేర్లను ఇంగ్లీషులో ఇష్టమొచ్చినట్టు రాశారు కాబట్టి పేరుతో దొరకకపోతే ఊరు, జిల్లాతో ప్రయత్నించండి. విశాఖ అయితే 'విజగపటం' (Vizagapatam) అని పాత స్పెల్లింగే కొట్టాలి.

బర్మాలో పోయి సమాధి తెలియనివాళ్ల పేర్లు యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. ఊళ్లో పెద్దవాళ్లను మాత్రం ఈ వారమే కలవండి, రికార్డులు ఎక్కడికీ పోవు.