పిల్లాడి చేతికి గోనెపట్టా ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది మియాపూర్. బాబుకి 16 నెలలు. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది పిల్లలకు సెన్సరీ టాయ్స్ (ముట్టుకుని, విని, వాసన చూసి ఆడుకునే బొమ్మలు) కొంటున్నారు. ఆన్‌లైన్‌లో ఒక కిట్ చూస్తే 2,500 రూపాయలు. మా అత్తగారేమో "గరిటా గిన్నే ఇచ్చిచూడు, వాడే ఆడుకుంటాడు" అంటారు. ఇంట్లోనే చేద్దామని నాకూ ఉంది. కానీ వాడు ఏది దొరికినా నోట్లో పెట్టేస్తాడు, అదే భయం. ఇంకో సంగతి. పెరుగన్నం వేళ్లకి అంటితే ఏడుస్తాడు. పార్కులో గడ్డి మీద దించితే కాళ్లు పైకి లాగేసుకుంటాడు. దీనికి టెన్షన్ పడాలా?
– పేరు వద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ మాట చాలావరకు నిజం. కాకపోతే గరిటా గిన్నే ఇచ్చేసి మనం ఫోన్ పట్టుకుని కూర్చుంటే, వాడు అయిదు నిమిషాల్లో గరిట విసిరేసి మన ఫోన్ కోసం వస్తాడు. పక్కన కూర్చోవాలి. ఆ ఖర్చు మాత్రం తప్పదు.

నేను చిక్కడపల్లిలో 28 ఏళ్లు చిన్నపిల్లల బడి నడిపాను. చిన్నపిల్లల చదువుకి తన పేరుతోనే ఒక పద్ధతి తెచ్చిన ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవారి శిష్యురాలు నాకు పాఠం చెప్పారు. ముట్టుకుని జత కలిపే గుడ్డముక్కలు, ఊపి విని పోల్చే డబ్బాలు, వాసన చూసే సీసాలు ఆ పద్ధతిలో ఎప్పటినుంచో ఉన్నవే. ఆ సామాను కొనే స్తోమత మా బడికి లేదు. అందుకని నా పాత చీరలు, టైలర్ దగ్గర మిగిలిన ముక్కలు, ఖాళీ పౌడరు డబ్బాలతోనే చేసుకున్నాం. ఇప్పుడు మీరు చూసిన కిట్‌లో పేర్లు కొత్తవి, అంతే.

గుడ్డతో మొదలుపెట్టండి. వెల్వెట్, పట్టు, తువ్వాలు, జీన్స్, గోనెపట్టా... ఇలా అయిదారు రకాలు చాలు. ఒక్కోటి అరచేయంత కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, పాత దుప్పటి మీద నాలుగువైపులా గట్టిగా కుట్టండి. ఇంట్లో ముక్కలు లేకపోతే జనరల్ బజార్‌లో కట్‌పీసులు దొరుకుతాయి. జరీ వద్దు, పోగులు ఊడి వేలికి చుట్టుకుంటాయి. బొత్తాలు, పూసలు, చమ్కీలు అసలే వద్దు. తాడు ఏదైనా కుట్టాలనిపిస్తే జానెడుకి తక్కువే ఉండాలి, మెడకి చుట్టుకునేంత పొడవుండకూడదు. కుట్టాక మీరే పళ్లతో పట్టి ఒకసారి లాగి చూడండి. మీ పళ్లకి ఊడొస్తే వాడి పళ్లకీ ఊడొస్తుంది.

ఆడించేటప్పుడు ఒకసారికి రెండే చాలు. వెల్వెట్ మీద వాడి వేలు పెట్టి "మెత్తగా ఉందా?" అనండి. తర్వాత గోనెపట్టా మీద పెట్టి "గరుగ్గా ఉంది కదూ" అనండి. మధ్యలో ఒక మాట. మా మనవరాలికి "సాఫ్ట్" వచ్చు గానీ "గరుకు" రాదు. వస్తువు తెలియకుండా మాట ఎక్కడినుంచి వస్తుంది? నున్నన, జిగట, పొరపొర, గరగర... ఇన్ని మాటలున్న భాష మనది, ఆ దుప్పటి మీద కూర్చుని అన్నీ చెప్పేయొచ్చు.

చప్పుడు సీసాల దగ్గరకొస్తే నేనొక తప్పు చెప్పుకోవాలి. బడి పెట్టిన రెండో ఏడు చిన్న సీసాలలో బియ్యం, పెసలు, శనగలు వేసి మూతలు బిగించి పిల్లలకిచ్చాను. మూత బిగిస్తే చాలనుకున్నాను. రెండున్నరేళ్ల పిల్ల ఒకతె మూత తిప్పేసి ఒక శనగగింజ ముక్కులో పెట్టుకుంది. మాకు తెలిసింది సాయంత్రానికి. అప్పటికది తడికి నాని ఉబ్బింది. ఈఎన్‌టీ డాక్టర్ తీస్తుంటే ఆ తల్లి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని ప్లాస్టిక్ సీసా లోపల చుక్క తేమ లేకుండా రెండు రోజులు ఆరబెట్టండి. పావు వంతు మాత్రం నింపండి, నిండా పోస్తే చప్పుడే రాదు. మూత మరల మీద గమ్ రాసి బిగించి, ఒక రోజు ఆరాక చుట్టూ టేపు వేయండి. ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో చింతపిక్కలు, మూడోదాంట్లో బొంబాయి రవ్వ. రవ్వ సీసా "ష్" అంటుంది, పిల్లలు చెవి దగ్గర పెట్టుకు వింటారు. వాడు కొరికి సీసా నొక్కుపడితే పారేయండి, దాచుకోకండి.

మీ భయానికి ఒక కొలత చెబుతాను. టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టం వెడల్పు ఇంచుమించు 4 సెంటీమీటర్లు ఉంటుంది. అందులోంచి జారిపడే వస్తువేదీ మూడేళ్ల లోపు పిల్లల చేతికి విడిగా ఇవ్వొద్దు. గవ్వలు, గచ్చకాయలు, చింతపిక్కలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇక గురివింద గింజలు సీసాలో వేసి కూడా ఇంట్లో ఉంచొద్దు. ఎర్రగా ముచ్చటగా ఉంటాయి గానీ, పగిలినా నమిలినా లోపలున్నది ప్రాణం తీసే విషం. ఆముదం గింజలూ అంతే. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలని సెన్సరీ ఆటకని అమ్ముతున్నారు. మింగితే పేగులో కూడా అలాగే ఉబ్బి అడ్డం పడతాయి, ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడవు కూడా. మీ ఇంటి గడప తొక్కనివ్వకండి.

వాటి బదులు సన్న సగ్గుబియ్యం ఉంది కదా! మెత్తగా ఉడికించి, చల్లార్చి, బీట్‌రూట్ రసం కలిపితే పళ్లెం నిండా గులాబిరంగు ముత్యాలు. రెండు చెంచాలు నోట్లోకి పోయినా అది తిండే. అయినా పక్కనే ఉండి చూసుకోండి.

జిగట నచ్చని మీవాడికీ నా సలహా ఈ సగ్గుబియ్యమే. దాన్ని గట్టి జిప్ కవర్లో పోసి, అంచుకి టేపు వేసి నేలకి అతికించండి. చేతికి అంటదు కాబట్టి పైనుంచి నొక్కుతాడు. నాలుగు రోజులయ్యాక పళ్లెంలో పోసి చెంచా ఇవ్వండి. ఆ తర్వాత ఎప్పుడో వేలు పెడతాడు. చెయ్యి పట్టుకుని ముంచితే మాత్రం పని చెడుతుంది. తుడుచుకోవడానికి తడిగుడ్డ వాడికి అందేలా పక్కనే ఉంచండి, అదుంటే ధైర్యంగా ముట్టుకుంటారు. గడ్డి కూడా అంతే. మీరు చెప్పులు విప్పి నిలబడండి, వాణ్ని మీ పాదాల మీద నిలబెట్టుకోండి.

ఈ వయసులో జిగటకీ గడ్డికీ ముఖం చిట్లించే పిల్లలు చాలామందే. ఇదొక్కటే అయితే టెన్షన్ వద్దు. పేరు పెట్టి పిలిచినా తిరక్కపోయినా, కావలసినది వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, తిండి రకాలు రోజురోజుకీ తగ్గిపోతున్నా పిల్లల డాక్టరుకి చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచీ ఉంది. ఎదుగుదలలో వెనకబడ్డ చిన్నపిల్లలని అక్కడ పరీక్షించి, ఏం చేయాలో చెబుతారు.

నీళ్లాట ఎండాకాలానికి దాచుకోండి. బేసిన్‌లో నాలుగు వేళ్ల లోతు, ఒక జల్లెడ గరిట చాలు. ఫోన్ మోగినా, కుక్కర్ కూసినా వాణ్ని ఎత్తుకునే లేవండి. అయిపోగానే నీళ్లు పారబోయండి.

గోనెపట్టా పాత పప్పుల సంచిలోంచి కోస్తున్నారేమో! కుట్టేముందు వేడినీళ్లలో ఉతికి రెండెండలు తగలనివ్వండి. అందులో పురుగు గుడ్లు ఉంటాయి.