మొక్క నాటే ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి

పెరడు, మిద్దె తోట, వీధి తోట, ఇరుగుపొరుగు: ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మా, మా లేఅవుట్ మధ్యలో పార్కుకని వదిలిన జాగా పది సెంట్ల దాకా ఉండాది. ఇన్నాళ్ళూ అందరూ చెత్త పోస్తా ఉన్నారు, సీమతుమ్మ అల్లుకుపోయి ఉన్నింది. సంక్రాంతి సెలవుల్లో వీధి వాళ్ళందరం డబ్బులేసుకుని జేసీబీ పెట్టి శుభ్రం చేయించినాం. ఇప్పుడు తలా ఒక మాట. పెద్దాయన ఒకరు వినాయకుడి గుడి కడదామంటారు. మగపిల్లోళ్ళు షటిల్ కోర్టు అంటారు. మా ఆడవాళ్ళకు ఆకుకూరలు, కూరగాయలు వేసుకోవాలని ఉంది. జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి వంద మొక్కలు ఇప్పిస్తామని ఒకరు మాటిచ్చినారు. ఏమేం నాటమంటారు?
– ఒక గృహిణి, తిమ్మినాయుడుపాళెం, తిరుపతి

జవాబు: తల్లీ, చెత్తకుప్ప తీయడానికి వీధంతా కలిసి రావడమే అన్నిటికన్నా పెద్ద పని. అది మీరు చేసేసినారు, చాలా సంతోషం. జేసీబీ పైపైన గీకి పోయుంటే సీమతుమ్మ మొదళ్ళు నేలలోనే ఉండిపోతాయి, రెండు వానలు పడగానే మళ్ళీ లేస్తాయి. వాటిని గడ్డపారతో ఇప్పుడే తవ్వించేయండి.

ఇక జాగా ఎవరిదనే మాట. లేఅవుట్‌కు అనుమతి తీసుకునేటప్పుడు స్థలంలో పది శాతం అందరి అవసరాలకని వదిలి, స్థానిక సంస్థకు రాసివ్వాలి. మీది అనుమతి ఉన్న లేఅవుటే అయితే ఆ జాగా ఇప్పుడు నగరపాలక సంస్థది. తోట పెంచుతామని కమిషనర్ పేరున అర్జీ రాసి, వీధిలో అందరి సంతకాలూ పెట్టించి, వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఎవరైనా వచ్చి ఇదేమిటని అడిగితే చూపించడానికి ఆ కాగితం ఉండాలి. పక్కా కట్టడం ఏదీ వద్దు. పార్కుల్లో, వీధుల్లో కొత్తగా ప్రార్థనా మందిరాలు కట్టనివ్వరాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

అయితే పెద్దాయన మాట తీసిపారేయకండి. ఆయన కోరిక భక్తితో కోరింది. ఒక మూల ఆయన చేతనే వినాయకుడి పత్రి వనం వేయించండి. మారేడు, జమ్మి, దానిమ్మ, వావిలి, జాజి, మరువం, తులసి, గరిక అన్నీ మన ఎర్ర నేలల్లో చక్కగా బతుకుతాయి. మారేడు, జమ్మి పెద్ద చెట్లవుతాయి కాబట్టి గోడ వారగా పెట్టండి. ఉమ్మెత్త మాత్రం వద్దు, పిల్లలు తిరిగే చోట విషపు కాయ ఉండకూడదు. చవితికి వీధి వీధంతా అక్కడికొచ్చి పత్రి కోసుకుంటుంది. రోడ్డు పక్క మొక్కల్ని పీక్కొచ్చి అమ్మే పత్రి కట్ట కొనే పని తప్పుతుంది.

మగపిల్లలకు కోర్టు ఇవ్వండి. పది సెంట్లంటే 4,356 చదరపు అడుగులు. షటిల్ కోర్టు 44 అడుగులకు 20 అడుగులు, అంటే 880. చుట్టూ కాస్త ఖాళీ వదిలినా మొత్తంలో మూడో వంతు కూడా పట్టదు. రోజూ సాయంత్రం పిల్లలు ఆడుకునే చోటికి చెత్త కవరు తెచ్చి విసరాలంటే ఎవరికైనా ముఖం చెల్లదు. మీకు కావలసిన కాపలా అదే. దానికి బదులుగా సాయంత్రపు నీళ్ళ పని వాళ్ళకు అప్పగించండి. ఆటకు ముందు బకెట్లు మోయాలని మొదటి రోజే చెప్పేస్తే చేస్తారు.

వంద మొక్కల మాటకొస్తాను. నాటిన మొదటి ఏడాది మొక్కకు తడికి పది లీటర్లన్నా కావాలి. వంద మొక్కలంటే తడికి వెయ్యి లీటర్లు, ఎండాకాలంలో వారానికి రెండు తడులు. అన్ని నీళ్ళు ఎవరి బోరు నుంచి వస్తాయి, ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఈ రెండిటికీ జవాబు రాకుండా గుంత తీయొద్దు. నీళ్ళిచ్చే ఇంటికి నెలనెలా అందరూ కలిసి ఇంత అని ముట్టజెప్పండి. మొహమాటానికి ఉచితంగా తీసుకున్న నీళ్ళు వేసవిలో ఆగిపోతాయి. నా లెక్కన మీ జాగాకు ఇరవై చెట్లు ఎక్కువే.

జూన్ 5 అంత మంచి ముహూర్తం కాదు మనకు. జూన్ మొదట్లో తిరుపతి ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాలా! నైరుతి వానలు మనకు అంతంతమాత్రం. గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. 2021 నవంబరులో వీధులకు వీధులు మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అందుకని జూన్ 5న ఫొటో కావాలంటే గుంతలు తవ్వుతూ దిగండి. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. మీ జాగాలో ఇటుక ముక్కలు, సిమెంటు పెడ్డలు తప్పకుండా వస్తాయి, ఏరేయండి. అడుగున ఎండుటాకులు, పైన మాగిన పశువుల ఎరువు, పిడికెడు వేపపిండి, తవ్వితీసిన మట్టి వేసి వదిలేయండి. మొక్కలు ఆగస్టు ఆఖర్లో ఇప్పించమని ఆ మాటిచ్చిన వారినే అడగండి. సెప్టెంబరులో నాటితే నవంబరు వానలకల్లా వేరు పట్టుకుంటుంది, మే నెల ఎండను తట్టుకుంటుంది.

నీడకు వేప ఒకటి, కానుగ రెండు, పొగడ రెండు చాలు. ఉసిరి పెట్టండి. నేరేడు పెడితే కోర్టుకు దూరంగా, లేకుంటే పండ్లు రాలి నేలంతా ఊదా మరకలు. కోనోకార్పస్ ఇస్తామంటే వద్దనండి. తొందరగా పచ్చబడుతుంది కానీ పిట్టకు తిండి ఉండదు, వేళ్ళు పైపుల్లోకి దూరతాయి. తెలంగాణలో హరితహారం నుంచి దాన్ని పక్కన పెట్టేశారు. ఏడాకులపాల కూడా ఇళ్ళ మధ్య వద్దు. చలికాలం పూతకొస్తే ఆ ఘాటు వాసనకు ఉబ్బసం ఉన్నవాళ్ళు అల్లాడిపోతారు.

కూరగాయల దగ్గరే తగాదాలు వచ్చేది. అందరూ కలిసి ఒకే మడి వేస్తే కాయ ఎవరు కోశారన్న మాట రాక తప్పదు. ఇంటికొక చిన్న మడి ఇచ్చేయండి, ఎవరి పంట వాళ్ళది. చెట్లు మాత్రం అందరివీ. మడిని ఒక పంటకాలం పాటు ఎండబెట్టిన ఇల్లు దాన్ని వేరేవాళ్ళకు వదలాలని ముందే రాసుకోండి. ఊరికి పోయేవాళ్ళు ఎవరికి చెప్పి పోవాలో కూడా రాసుకోండి.

కరివేపాకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా వీధి తోటలో ఎక్కువగా దెబ్బ తినేది అదే. పోపు సలసలమంటుంటే పిల్లవాణ్ణి పంపుతారు, వాడు కొమ్మ పట్టి సర్రుమని దూస్తాడు. ఆకు వస్తుంది, బెరడు కూడా ఊడి వస్తుంది. అట్లా దూసిన పుల్ల ఎండి, ఎండు కిందికి దిగుతుంది. ఆకులు దూయకుండా, కొమ్మ కొసను నాలుగు రెమ్మలతో సహా కత్తిరిస్తే ఆ కింద రెండు కొత్త చిగుళ్ళు వేస్తాయి. మేం గేటు పక్కనే అయిదారు కరివేపాకు మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టి, ఒక కత్తెరను దారంతో గేటుకు కట్టేసినాం. పుల్లటి మజ్జిగ నీళ్ళతో కలిపి పోస్తే ఆ మొక్కలు ఎట్లా లేస్తాయో చూడండి.

ప్రశ్న: మేడమ్, మా పెరట్లో మునగ చెట్టు ఉంది. వానలు పడితే చాలు, కాండం నిండా గొంగళి పురుగులు. పక్కింటి గోడ మీదికి పాకి వాళ్ళ పాపకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. చెట్టు కొట్టేయాల్సిందేనని గొడవ పడుతున్నారు. కాయ బాగా కాస్తుంది, కొట్టాలంటే ప్రాణం ఒప్పడం లేదు.
– ఒక పాఠకుడు, కొంగారెడ్డిపల్లి, చిత్తూరు

జవాబు: ముందు పక్కింటికి వెళ్ళి పాప ఎట్లా ఉందో కనుక్కోండి నాయనా. వాళ్ళ కోపంలో న్యాయముంది. ఆ పురుగు వెంట్రుకలు తగిలితే పెద్దవాళ్ళకే భరించలేని దురద.

ఈ పురుగుకు ఒక అలవాటుంది. రాత్రంతా ఆకు తిని, పగలు దిగొచ్చి కాండం మీద గుంపుగా అతుక్కుని ఉంటుంది. మీకు దొరికేది అప్పుడే. పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకుని, పాత చీపురుతో ఆ గుంపును సబ్బు నీళ్ళ బకెట్‌లోకి రాల్చేయండి. కాగడాతో కాల్చడం మన పల్లెల్లో అలవాటే కానీ మునగ బెరడు మెత్తన, కాలిందంటే చెట్టు దెబ్బతింటుంది. మిగిలినవాటికి లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి కాండానికీ కొమ్మలకూ బాగా తడిసేట్టు కొట్టండి. కాయ కోత అయిపోగానే చెట్టును మూడడుగుల ఎత్తున కొట్టేయండి. మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది, ఆకు, కాయ చేతికందుతాయి, పురుగు కూడా కంటబడుతుంది. ఆ కొట్టే పని పక్కింటివాళ్ళకు చెప్పి చేయండి, వాళ్ళ గోడవైపు కొమ్మలు ముందు తీయించండి. మొదటి కోత మునక్కాయలు వాళ్ళింటికే పంపండి.

ప్రశ్న: ఆర్‌.ఓ. మిషన్ నుంచి వదిలేసే నీళ్ళు మిద్దె మీద కుండీలకు పోయొచ్చా? ఏసీ నీళ్ళు?
– ఒక ఉద్యోగిని, ఎం.ఆర్.పల్లి, తిరుపతి

జవాబు: ఏసీ నీళ్ళు నిశ్చింతగా పోయండి, వాటిలో ఉప్పు ఉండదు. ఆర్‌.ఓ. వదిలేసే నీళ్ళలో మీ బోరు నీళ్ళకన్నా ఎక్కువ ఉప్పు పేరుకుని ఉంటుంది. రోజూ పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. వాటిని ఇల్లు తుడవడానికి, వాకిలి కడగడానికి వాడుకోండి. ఇప్పటికే తెల్లపొర కట్టిన కుండీలుంటే వాన పడేటప్పుడు బయట పెట్టి అడుగు రంధ్రం నుంచి నీళ్ళు ధారాళంగా పోనివ్వండి. కుండీ కింది పళ్ళేల్లో నీళ్ళు నిలవకుండా వారానికోసారి వంపేయండి, డెంగీ దోమకు వారం పది రోజులు చాలు.

ప్రశ్న: రెండు సెంట్ల పెరడు ఉంది. నాలుగు ఎర్రచందనం మొక్కలు పెడితే పిల్లల చదువుకు పనికొస్తాయని బంధువులు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక ఆటో డ్రైవరు, మంగళం, తిరుపతి

జవాబు: తమ్ముడూ, పిల్లల చదువు కోసం ఆలోచిస్తున్నావు, చాలా మంచిది. కానీ ఈ చెట్టు ఆ పనికి రాదు. ఎర్రచందనం మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లోనే సహజంగా పుట్టే చెట్టు, సొంత భూమిలో పెంచుకోవచ్చు. ధర పలికే లోపలి ఎర్ర చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఇవాళ బడికి పోయే పిల్లకు అది అందదు. రెండు సెంట్లలో ఒక నిమ్మ, ఒక మునగ, గోడ మీదికి కాకర తీగ వేసుకో. చదువుకు డబ్బు పోస్టాఫీసులో నెలనెలా కట్టుకో. చెట్టు మీద ఇష్టంతో ఒక్క ఎర్రచందనం పెట్టుకుంటానంటే పెట్టుకో, అది మన కొండ బిడ్డ.

ప్రశ్న: అవ్వా, నేను తొమ్మిదో తరగతి. మా నాయనమ్మ దాచిన అనప విత్తనాలు ఫిబ్రవరిలో స్కూలు తోటలో వేసినాం. తీగ బాగా పెరిగింది, ఒక్క పువ్వు రాలేదు. మందు ఏమైనా కొట్టాలా?
– ఒక విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: మందు ఏమీ వద్దు బంగారూ, విత్తనంలోనూ లోపం లేదు. నాటు అనప పగలు పొట్టిగా ఉండే రోజులు వస్తేనే పూతకొస్తుంది. ఫిబ్రవరి నుంచి పగలు పొడుగవుతూ పోతుంది కాబట్టి తీగ ఆకు మీదనే ఉండిపోయింది. మీ నాయనమ్మను అడుగు, చెనక్కాయ చేలో సాళ్ళ మధ్య అనప ఎప్పుడు వేసేవాళ్ళో చెబుతుంది. తొలకరికి వేస్తే మంచు కురిసే రోజుల్లో కాయ పట్టి సంక్రాంతికి పితికిపప్పు అందుతుంది. ఆ చలికాలం కాయకే చేతికి అంటే జిగురు, ఆ వాసన. గింజలు రాత్రి నానేసి తెల్లారి వేళ్ళ మధ్య పితికితే తోలు ఒకవైపు, పప్పు ఒకవైపు జారిపోతుంది. ఆ పప్పు కూర, రాగిసంగటి మీ తరగతంతా కలిసి తినాలి.

ఇప్పుడున్న తీగను పీకి అదే మడిలో కప్పేయండి, మట్టికి బలం. మిగిలిన విత్తనం వేపాకు వేసి గాజు సీసాలో దాచి, జూలై ఆఖర్లో వేయండి. ఏ కాలంలోనైనా కాయాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ అనే పొద రకాలున్నాయి. వాటికి పగటి పొడుగుతో పనిలేదు. రెండూ పక్కపక్కన వేసి, ఏది ఎప్పుడు పూసిందో తేదీలు రాసుకుని నాకు ఉత్తరం రాయండి.