నగరం ఎంత అంతర్జాతీయమో కొలవడం ఎలా?
జూరిచ్, జెనీవాలలో ఏది ఎక్కువ అంతర్జాతీయ నగరమో విదేశీయుల శాతాన్ని బట్టి తేల్చవచ్చా అని మీరు అడిగారు. ఆ శాతం నగరంలో ఎవరున్నారో చెబుతుంది గాని, ఆ నగరం మిగతా నగరాలతో ఎంత ముడిపడి ఉన్నదో చెప్పదు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రవేత్త పీటర్ టేలర్ బృందం అందుకే బ్యాంకింగ్, అకౌంటింగ్, న్యాయసేవలు, ప్రకటనల వంటి రంగాల సంస్థల కార్యాలయాలను లెక్కించింది. 2000 నాటి లెక్కలో 100 సంస్థలు, 315 నగరాలు ఉన్నాయి. సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికి 5, మామూలు శాఖ ఉంటే 2, ఏదీ లేకపోతే 0 వేస్తారు. ఒక సంస్థకు రెండు నగరాలలో వచ్చిన మార్కులను గుణించి, అంటే 5, 2 అయితే 10గా తీసుకుని, అన్ని సంస్థలకూ, మిగతా అన్ని నగరాలకూ కూడితే ఆ నగరపు అనుసంధాన విలువ వస్తుంది.

అయితే ఇక్కడితో ఆగితే జెనీవాకు నిజంగా అన్యాయం జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాణిజ్య సంస్థ, 1863లో పుట్టిన అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ అక్కడే ఉన్నా, అవి వ్యాపార సంస్థలు కావు కనుక ఒక్క మార్కూ పడదు. వాటికి ఇదే పద్ధతిలో మరో పట్టిక వేసి, రెండు ఫలితాలనూ కలపకుండా పక్కపక్కనే ఉంచండి. కలిపితే మీరు దేనికెంత బరువు ఇచ్చారన్నదే విజేతను నిర్ణయిస్తుంది.