నాగావళి కోడును జీపీయూ మీదికి ఎక్కించే ముందు

అమ్మడూ,

నీ మెయిలు చదివాను. తోటపల్లి నుంచి కళ్లేపల్లి దాకా నాగావళి వరద లెక్కకు నేను ఎప్పుడో ఫోర్‌ట్రాన్‌లో రాసిన ప్రోగ్రాం నీ చేతికొచ్చిందనీ, దాన్ని జీపీయూ (ఒకేసారి వేల లెక్కలు చేసే చిప్) మీద నడపాలనుకుంటున్నావనీ రాశావు, సంతోషమే. కొంచెం భయం కూడా, ఆ కోడు సంగతి నాకు తెలుసు కదా.

ముందే తిరగరాయకు. ప్రొఫైలర్ పెట్టి టైమ్ ఎక్కడ పోతోందో చూడు. ప్రవాహపు లెక్కల్లో కూడికలు, గుణకారాలు తక్కువ, మెమరీ నుంచి అంకెల్ని మోసుకురావడమే ఎక్కువ. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల చెయ్యి ఎంత చురుగ్గా ఆడితే ఏం, గోదాం నుంచి పిక్కలు దోసెడేసి తెస్తుంటే? కరెంటు కూడా ఆ మోతకే ఎక్కువ కాలుతుంది.

నదిని గడులుగా విడగొట్టి, నేను ఒక్కో గడిలో నీటి లోతు, వేగాలు, నేల ఎత్తు అన్నీ ఒకే మూట కట్టి పెట్టాను. జీపీయూకి అది పనికిరాదు. లోతులన్నీ ఒక వరుసలో, వేగాలన్నీ మరో వరుసలో పెట్టు. జీపీయూలో ఒకేసారి నడిచే పక్కపక్క థ్రెడ్లు (లెక్క పాయలు) పక్కపక్క అంకెలే అడగాలి.

రిటైరయ్యే ముందు నేనూ ఓ ప్రయత్నం చేశాను. ఒక్క సబ్‌రొటీన్‌ను (ప్రోగ్రాంలో ఒక ముక్కను) జీపీయూ మీద పెట్టి మురిసిపోయాను. తీరా చూస్తే మొత్తం రన్ మునుపటి కంటే నెమ్మది! ప్రతి టైమ్ స్టెప్‌కీ గ్రిడ్ అంతా, అంటే గడులన్నీ, మామూలు ప్రాసెసరుకీ జీపీయూకీ మధ్య అటూ ఇటూ కాపీ అవుతోంది. గ్రిడ్‌ను మొదట్లో ఒక్కసారి పంపి అక్కడే ఉంచు. పని పంచుకునే పక్క కంప్యూటర్, అంటే పొరుగు నోడ్‌కి అంచు గడులు చాలు, అవి వెళ్లేలోపు లోపలి గడుల లెక్క నడిపించు.

కూడికల వరుస మారుతుంది కాబట్టి చివరి అంకెలు తేడా వస్తాయి, టెన్షన్ పడకు. వచ్చిన నీరు, పోయిన నీరు, మిగిలిన నీరు మాత్రం సరిపోవాలి. మెమరీ ఆదా అని ఒక్కో అంకెకు 32 బిట్ల చోటుకే దిగితే జాగ్రత్త. 100 మీటర్ల నీటి మట్టానికి మిల్లీమీటరులో వెయ్యో వంతు కలిపితే అది ఆనవాలు లేకుండా పోతుంది. అందుకే మట్టం కాకుండా, దానికంటే చిన్న అంకె అయిన లోతు దాచు.

ఎన్విడియా జీపీయూలకోసం ఉన్న కుడాతోనే కట్టుబడిపోకు. 2022లో మొదటి ఎక్సాస్కేల్ (సెకనుకు పదివేల కోట్ల కోట్ల లెక్కలు చేసే) మెషిన్‌గా పేరొచ్చిన ఫ్రాంటియర్‌లో ఉన్నవి ఏఎమ్‌డీ జీపీయూలు. ఫోర్‌ట్రాన్‌ వదలకుండా ఓపెన్ఎంపీతో (కోడులో సూచనల వరుసలు చేర్చి పనిని జీపీయూకి పంపే పద్ధతితో) వెళ్లొచ్చు. సెకన్లతో పాటు ఎన్ని జూల్స్ కరెంటు ఖర్చయిందో కూడా రాసిపెట్టుకో. మెమరీ దగ్గరే ఆగే కోడుకు క్లాక్ (చిప్ నడిచే వేగం) కాస్త తగ్గించినా టైమ్ పెద్దగా పెరగదు, కరెంటు మిగులుతుంది.

ఆనకట్ట తెగినప్పుడు నీరు ఎలా పారుతుందో 1892లోనే రిట్టర్ కాగితం మీద తేల్చాడు. కోడు జవాబు సరిచూసుకోడానికి నా టెస్ట్ కేసు అదే, పాత డిస్కులో ఉంది. సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. పండగపూట కూడా ఇదేనా అని అత్త తిడుతుంది, తిట్టనీ.

మావయ్య